ముందు కాగితం, తర్వాతే కోత: అమెరికాలో దీర్ఘకాలిక జబ్బుతో పనిగంటలు తగ్గించుకుంటూ డిజబిలిటీ బెనిఫిట్స్ పొందే పద్ధతి

ల్యూపస్, రుమటాయిడ్ ఆర్థరైటిస్, మల్టిపుల్ స్క్లెరోసిస్, లాంగ్ కోవిడ్. ఇలాంటి జబ్బులతో ఉద్యోగం చేసేవాళ్లు ఒక్కరోజులో పని మానేయరు. ముందు సాయంత్రం మీటింగులు వదులుకుంటారు, తర్వాత శుక్రవారాలు, ఆపైన పూటపని. డబ్బు పోయేది సరిగ్గా ఈ మెట్ల మీదే. మేనేజరు మంచివాడైతే "నాలుగు రోజులు చేస్తే చాల్లే" అంటాడు. హెచ్‌ఆర్ జీతం 20 శాతం తగ్గించి కొత్త లెటర్ ఇస్తుంది. అప్పటికి అందరూ సంతోషమే. ఏడాది తర్వాత మంచం పట్టి క్లెయిమ్ వేసినప్పుడు బీమా కంపెనీ ఆ తగ్గిన జీతం మీదే లెక్క కడుతుంది. అంతకన్నా ఘోరం, వారానికి 30 గంటల కంటే తక్కువ చేసేవాళ్లకు ఆ పాలసీలో చోటే లేదని తేలడం.

అందుకే మొదటి సూత్రం ఇది: గంటలు తగ్గక ముందే, కనీసం తగ్గిన రోజే, ఆ తగ్గుదల జబ్బు వల్లనేనని డాక్టరు రాసిన కాగితం రికార్డులోకి ఎక్కాలి. ఈ వరస తప్పితే తర్వాత దిద్దుకోవడం కష్టం.

ఏది ఎందుకు: ఐదు వేర్వేరు చట్రాలు

"డిజబిలిటీ" అనే ఒక్క మాటకు అమెరికాలో కనీసం ఐదు అర్థాలున్నాయి. ఒకదాంట్లో ఒప్పుకున్నారని రెండోదాంట్లో ఒప్పుకోరు.

ఎఫ్ఎంఎల్ఏ, అంటే 1993 నాటి ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్, డబ్బు ఇవ్వదు. ఉద్యోగాన్నీ ఆరోగ్య బీమానీ కాపాడుతుంది. ఏడీఏ, 1990 నాటి అమెరికన్స్ విత్ డిజబిలిటీస్ యాక్ట్, పనివేళల్లో, పని తీరులో సర్దుబాటు అడిగే హక్కు ఇస్తుంది. ఇదీ డబ్బు ఇవ్వదు. షార్ట్ టర్మ్ డిజబిలిటీ కంపెనీ పాలసీ నుంచి గానీ రాష్ట్ర ప్రభుత్వం నుంచి గానీ కొన్ని వారాలో నెలలో వస్తుంది. లాంగ్ టర్మ్ డిజబిలిటీ, అంటే ఎల్‌టీడీ, ఏళ్ల తరబడి వచ్చేది. పని చేస్తూనే కొంత మొత్తం పొందే వీలు ప్రధానంగా ఇక్కడే ఉంది. చివరిది కేంద్ర ప్రభుత్వ సంస్థ సోషల్ సెక్యూరిటీ వారి ఎస్ఎస్‌డీఐ, అంటే సోషల్ సెక్యూరిటీ డిజబిలిటీ ఇన్సూరెన్స్. అందులో "సగం డిజబిలిటీ" అనేదే లేదు, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

రాష్ట్రం విషయం ముందే చూసుకోండి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, రోడ్ ఐలాండ్, హవాయిల్లో తాత్కాలిక డిజబిలిటీ పథకాలు ఎప్పటినుంచో ఉన్నాయి. వాషింగ్టన్, మసాచుసెట్స్, కనెక్టికట్, ఒరెగాన్, కొలరాడోల్లో వేతనంతో కూడిన మెడికల్ లీవు ఉంది. టెక్సస్‌లో ప్రైవేటు ఉద్యోగులకు ఇలాంటిదేమీ లేదు, అంతా కంపెనీ పాలసీ మీదే. తేడాలూ చిన్నవి కావు. కాలిఫోర్నియాలో 2025 నుంచి వేతనంలో 70 నుంచి 90 శాతం వరకు, 52 వారాల దాకా వస్తుంది. న్యూయార్క్ తాత్కాలిక డిజబిలిటీ వారానికి గరిష్ఠంగా 170 డాలర్లు, 26 వారాలు. కాలిఫోర్నియా క్లెయిమ్ డిజబిలిటీ మొదలైన 49 రోజుల్లోపు వేయాలి. కోలుకున్నాక తీరిగ్గా వేద్దామనుకుని గడువు దాటబెట్టేవాళ్లు చాలామంది.

మొదటి అడుగు: పాలసీ తెప్పించుకుని చదవడం

బెనిఫిట్స్ పోర్టల్లో కనిపించే రెండు పేజీల రంగుల బ్రోషర్ పాలసీ కాదు. హెచ్‌ఆర్‌కి ఈమెయిల్‌లో రెండు పత్రాలు అడగండి: సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్, ఎల్‌టీడీ పాలసీ లేదా సర్టిఫికెట్ పూర్తి పాఠం. కంపెనీలు ఉద్యోగులకిచ్చే బెనిఫిట్ ప్లాన్లను నియంత్రించే 1974 నాటి ఎరిసా చట్టం కిందికి వచ్చే ప్లాన్ అయితే, రాతపూర్వకంగా అడిగిన 30 రోజుల్లో ఇవ్వాలి. ప్రభుత్వ ఉద్యోగులకు, చర్చి సంస్థల ఉద్యోగులకు సాధారణంగా ఎరిసా వర్తించదు. అడిగేటప్పుడు జబ్బు సంగతి రాయనక్కర్లేదు, "నా రికార్డు కోసం" అంటే చాలు.

చేతికొచ్చాక పెన్సిల్ పట్టుకుని వెతకాల్సినవి:

కనీస పనిగంటలు. చాలా పాలసీలు వారానికి 30 గంటలు అంటాయి. మీ అధికారిక షెడ్యూలు 28కి దిగిన రోజున బీమా రద్దయి ఉండొచ్చు.

ప్రీ-డిజబిలిటీ ఎర్నింగ్స్ నిర్వచనం. డిజబిలిటీకి ముందురోజు జీతమా, గత 12 నెలల సగటా? బోనస్ కలుస్తుందా? స్టాకు సాధారణంగా కలవదు.

ఎలిమినేషన్ పీరియడ్. డబ్బు మొదలయ్యే ముందు దాటాల్సిన నిరీక్షణ, ఎక్కువగా 90 లేదా 180 రోజులు. అసలు మెలిక ఇక్కడుంది. కొన్ని పాలసీల్లో ఈ రోజులన్నీ పూర్తిగా పని మానేసి ఉండాలి, కొన్నిట్లో సగం పని చేస్తున్న రోజులూ లెక్కకొస్తాయి. మీది మొదటి రకమైతే, పూటపని చేసినంతకాలం ఆ గడియారం కదలనే కదలదు.

పార్షియల్ లేదా రెసిడ్యువల్ డిజబిలిటీ క్లాజు. కొంత పని చేస్తూనే కొంత బెనిఫిట్ పొందనిచ్చే నిబంధన. ఇది ఉందా లేదా, ఉంటే ఎంత శాతం ఆదాయం తగ్గాలి.

ఓన్ ఆక్యుపేషన్ గడువు. సాధారణంగా మొదటి 24 నెలలు మీ వృత్తి చేయలేకపోతే చాలు. ఆ తర్వాత మీ చదువుకీ అనుభవానికీ తగిన ఏ పనీ చేయలేరని తేలాలి.

ప్రీ-ఎగ్జిస్టింగ్ నిబంధన. తరచూ 3/12 అని కనిపిస్తుంది. కవరేజీ మొదలవడానికి ముందు 3 నెలల్లో చికిత్స పొందిన జబ్బు, కవరేజీ మొదలైన 12 నెలల్లోపే డిజబిలిటీగా మారితే చెల్లించరు. "ఒత్తిడి తక్కువున్న ఉద్యోగానికి మారదాం" అనుకునేవాళ్లు ఈ వాక్యం చదివాకే మారాలి. కొత్త కంపెనీలో ఈ గడియారంతోపాటు ఎఫ్ఎంఎల్ఏ 12 నెలల లెక్క కూడా మళ్లీ మొదటికొస్తుంది.

24 నెలల పరిమితులు. అంటే కొన్ని జబ్బులకు 24 నెలలతోనే డబ్బు ఆపేయడం. మానసిక అనారోగ్యానికి దాదాపు అన్నిట్లో ఉంటుంది. కొన్ని పాలసీలు అలసట, నొప్పి, తలనొప్పిలాంటి "స్వయంగా చెప్పుకునే లక్షణాలకు" కూడా పెడతాయి. ఫైబ్రోమయాల్జియా, లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే.

పన్ను సంగతి ఒక్క ముక్క. ప్రీమియం కంపెనీ కడితే వచ్చే డబ్బు మీద ఆదాయపన్ను ఉంటుంది. పన్ను కట్టిన జీతంలోంచి మీరే కడితే ఉండదు. ఏటా బెనిఫిట్స్ ఎంచుకునే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్‌లో పోస్ట్-టాక్స్ పెట్టుకునే వీలుంటే ఒకసారి లెక్క వేసుకోండి.

లెక్క ఎలా కడతారు

నెలకు 9,000 డాలర్ల జీతం, 60 శాతం పాలసీ అనుకుందాం. పూర్తిగా మానేస్తే 5,400 వస్తుంది.

సగం గంటలు చేసి 4,500 సంపాదిస్తే? నష్టం 50 శాతం కాబట్టి దామాషా లెక్కలో 5,400లో సగం, 2,700 ఇస్తారు. మొత్తం 7,200. చాలా పాలసీల్లో మొదటి 12 నెలలు ఇంకాస్త ఉదారంగా ఉంటుంది. జీతమూ బెనిఫిట్టూ కలిపి పాత జీతం దాటనంతవరకు పూర్తి 5,400 నుంచి కోత పెట్టరు. ఇక్కడ 4,500కి 5,400 కలిపితే 9,900. దాటిన 900 తీసేస్తారు, చేతికి 4,500 బెనిఫిట్ వస్తుంది. అంటే మొదటి ఏడాది సగం పనికి పాత జీతమంతా నిలుస్తుంది. మీ పాలసీలో ఏ సూత్రమో చూసి ఇలాగే కాగితం మీద వేసుకోండి.

ఇప్పుడు అదే మనిషి క్లెయిమ్ లేకుండా ముందే నాలుగు రోజుల వారానికి దిగి, 7,200 జీతంతో ఏడాది గడిపాక పడిపోయాడనుకోండి. 60 శాతం అంటే 4,320. నెలకు 1,080 తక్కువ, ఐదేళ్లకు 64,800 డాలర్లు. కేవలం కాగితాల వరస తప్పినందుకు.

ఇంకో ఇరుకు సందు ఉంది. చాలా పాలసీలు కనీసం 20 శాతం ఆదాయం తగ్గాలంటాయి. 40 గంటల నుంచి 32కి దిగితే సరిగ్గా 20 శాతం. పాలసీలో "80 శాతం లేదా అంతకు తక్కువ" అని ఉంటే లోపలున్నట్టు, "80 శాతం కంటే తక్కువ" అని ఉంటే గీత బయట ఉన్నట్టు. 31 గంటలైతే 77.5 శాతం, ఏ మాట రాసినా సరిపోతుంది. ఆ ఒక్క గంట డాక్టరు కాగితంలో ఎలా పడిందన్నది ఇంత పని చేస్తుంది. గంటలు తగ్గినా కంపెనీ జీతం తగ్గించకపోతే మాత్రం ఆదాయ నష్టం లేదు, కాబట్టి పార్షియల్ క్లెయిమూ లేదు.

రెండో అడుగు: డాక్టరు రికార్డు

జబ్బు పేరుకు ఎవరూ డబ్బివ్వరు. ఆ జబ్బు వల్ల మీరు ఏం చేయలేకపోతున్నారో దానికి ఇస్తారు. "రోగికి ల్యూపస్ ఉంది, పార్ట్ టైమ్ పని మంచిది" అన్న చీటీ దాదాపు పనికిరాదు. పనికొచ్చేది ఇలా ఉంటుంది: "ఏకధాటిగా 30 నిమిషాలకు మించి కూర్చోలేరు. రోజుకు 5 గంటలకు మించి ఏకాగ్రత నిలవదు. వేళ్ల కీళ్ల వాపు వల్ల టైపింగ్ గంటకు 15 నిమిషాలే. నెలకు 3 నుంచి 5 రోజులు జబ్బు ముదిరి పనికి రాలేరు. ఈ స్థితి కనీసం 12 నెలలు ఉంటుందని అంచనా." అంకెలు ఉండాలి, కారణం ఉండాలి, ఎంతకాలమో ఉండాలి.

మనవాళ్లకు ఒక అలవాటుంది. డాక్టరు "ఎలా ఉన్నారు?" అనగానే "బాగానే ఉన్నానండీ" అనేస్తాం. మర్యాద కోసం అన్న ఆ మాట చార్టులో "రోగి బాగున్నట్టు చెప్పారు" అని ఎక్కుతుంది. ఏడాది తర్వాత బీమా కంపెనీ తిరస్కరణ లేఖలో అదే వాక్యం తారీఖుతో సహా కనిపిస్తుంది. ప్రతి విజిట్‌కీ అర పేజీ రాసుకెళ్లండి: గత నెలలో ఎన్ని రోజులు పని మానేశారు, ఎన్ని రోజులు మధ్యలో ఆపేశారు, మందుల వల్ల మగత ఎంతసేపు, ఏ పని తర్వాత ఎన్ని గంటలు పడుకోవాల్సి వచ్చింది. ఆ కాగితాన్ని చార్టులో స్కాన్ చేయమని అడగండి. విజిట్ అయ్యాక పోర్టల్లో నోట్సు చదివి, తప్పుంటే ఆ వారంలోనే సవరణ అడగండి.

ఇంట్లో రోజుకు మూడు ముక్కల డైరీ చాలు: పని చేసిన గంటలు, ఆపిన కారణం, తర్వాతి కోలుకునే సమయం. కవిత్వం అక్కర్లేదు.

అలసట, మెదడు మసకబారడంలాంటివి రక్తపరీక్షల్లో కనపడవు. వాటికి న్యూరోసైకలాజికల్ పరీక్ష, ఫిజికల్ థెరపిస్టు చేసే ఫంక్షనల్ కెపాసిటీ ఇవాల్యుయేషన్ లాంటివి కొలతలు ఇస్తాయి. అయితే శ్రమ తర్వాత జబ్బు ముదిరే తరహా వాళ్లకు ఒక్కరోజు పరీక్ష మోసం చేస్తుంది. ఆ రోజు ఎలాగో లాక్కొస్తారు, మర్నాడు లేవలేరు. రెండో రోజు స్థితీ నమోదు కావాలని డాక్టరుతో ముందే మాట్లాడాలి. సోషల్ సెక్యూరిటీ కూడా ఫైబ్రోమయాల్జియాను ఎలా పరిశీలించాలో 2012లో, క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌ను ఎలా చూడాలో 2014లో విడిగా రూలింగులు ఇచ్చింది. వాటి సంఖ్యలు ఎస్‌ఎస్‌ఆర్ 12-2పీ, ఎస్‌ఎస్‌ఆర్ 14-1పీ. డాక్టరుకు అవి చూపిస్తే, ఏ సంకేతాలు నోట్సులో ఉండాలో ఆయనకు తెలుస్తుంది.

మూడో అడుగు: "పార్ట్ టైమ్"కి మారకుండా గంటలు తగ్గించడం

ఇది ఈ మొత్తం వ్యవహారంలో కీలకం. ఎఫ్ఎంఎల్ఏలో రోజుల తరబడి తీసుకునే లీవే కాదు, తగ్గించిన షెడ్యూలు లీవు కూడా ఉంది. ఆ దారిలో వెళ్తే హోదాలో మీరు 40 గంటల ఉద్యోగే, అందులో కొన్ని గంటలు మెడికల్ లీవులో ఉన్నారంతే. హెచ్‌ఆర్ కొత్త పార్ట్ టైమ్ లెటర్ ఇచ్చి సంతకం పెట్టమంటే, పెట్టకుండా ఈ లీవు అడగండి.

అర్హత: కంపెనీలో 12 నెలలు, గత 12 నెలల్లో 1,250 గంటల పని, 75 మైళ్ల పరిధిలో 50 మంది ఉద్యోగులు. హక్కు ఏడాదికి 12 వారాలు, 40 గంటల మనిషికి 480 గంటలు. వారానికి 10 గంటలు తగ్గించుకుంటే 48 వారాలు వస్తుంది, దాదాపు ఏడాది. 20 తగ్గిస్తే 24 వారాలే.

జీవితాంతం ఉండే జబ్బుకి మరుసటి ఏడాది మళ్లీ లీవు దొరుకుతుంది, కానీ 1,250 గంటల పరీక్ష మళ్లీ ఉంటుంది. 1,250ని 52తో భాగిస్తే వారానికి 24 గంటలు. అంతకంటే దిగువన ఏడాది గడిపితే రెండో ఏడు తలుపు మూసుకుపోతుంది.

ఫారం డబ్ల్యూహెచ్-380-ఈ, లేదా కంపెనీ సొంత ఫారం, డాక్టరు నింపాలి. అడిగిన 15 క్యాలెండర్ రోజుల్లో ఇవ్వాలి. లోపాలుంటే కంపెనీ రాతపూర్వకంగా చెప్పి సరిదిద్దడానికి 7 రోజులివ్వాలి. డాక్టరు ఆఫీసులో ఫారాలకు వారం పదిరోజులు పట్టడం మామూలే కాబట్టి అందిన రోజే పంపండి. అందులో "అవసరమైనప్పుడు" అన్న మాట రాయనివ్వకండి. "రోజుకు 6 గంటలు, వారానికి 5 రోజులు, అదనంగా నెలకు 4 రోజుల వరకు జబ్బు ముదిరే రోజులు" అని ఉంటే ఎవరూ వాదించలేరు.

480 గంటలు కరిగిపోతుంటే, అవి అయిపోయే నెల ముందే ఏడీఏ కింద సర్దుబాటు అడుగుతూ ఈమెయిల్ పెట్టండి. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న కంపెనీలకు ఏడీఏ వర్తిస్తుంది. ఇందులో 12 వారాల్లాంటి గీత లేదు కానీ కంపెనీకి మరీ భారమైతే కాదనవచ్చు. ఇంటి నుంచి పని, రాత్రి ఆన్-కాల్ నుంచి మినహాయింపు, మధ్యాహ్నం గంట విరామం. ఇవి గంటలు తగ్గించుకోవడం కన్నా సులువుగా దొరుకుతాయి.

హెచ్-1బీ మీదున్నవాళ్లకు ఈ తేడా రెట్టింపు ముఖ్యం. ఉద్యోగ సంబంధం కొనసాగుతూ చట్టబద్ధమైన మెడికల్ లీవులో ఉన్న గంటలకు జీతం రాకపోయినా పెద్ద చిక్కు లేదు. ఫుల్ టైమ్ నుంచి పార్ట్ టైమ్‌కి ఉద్యోగమే మారితే మాత్రం ముందుగా సవరించిన పిటిషన్ వేయాలి. ఇమిగ్రేషన్ లాయర్ చూడకుండా పార్ట్ టైమ్ లెటర్‌పై సంతకం వద్దు.

నాలుగో అడుగు: క్లెయిమ్ వేయడం

మూడు పత్రాలు వెళ్తాయి: మీ ప్రకటన, కంపెనీ ప్రకటన, డాక్టరు ప్రకటన. మూడింట్లో ఒకే తారీఖు, ఒకే గంటలు ఉండాలి. డాక్టరు "మార్చి 3 నుంచి" అని, కంపెనీ "మార్చి 17 నుంచి" అని రాస్తే ఆ రెండు వారాల మీదే నెల గడిచిపోతుంది. అందుకే డాక్టరు ఫారంతోపాటు మీ తారీఖులు రాసిన చిన్న చీటీ జత చేయండి.

ఉద్యోగ వివరణ దగ్గర అజాగ్రత్త కూడదు. ఐటీ ఉద్యోగాన్ని బీమా కంపెనీలు "కూర్చుని చేసే పని" గడిలో పడేసి, "కూర్చోగలరు కదా, చేయగలరు" అంటాయి. నిజమైన పని రాయండి: రెండు మూడు గంటలు ఆపకుండా కోడ్ చదవడం, సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి ఒత్తిడిలో నిర్ణయం తీసుకోవడం, రోజుకు ఐదు మీటింగుల్లో విన్నది గుర్తుపెట్టుకోవడం. వృత్తి అంటే మీ కుర్చీ కాదు, దేశవ్యాప్తంగా ఆ వృత్తి ఎలా చేస్తారన్నదే చాలా పాలసీల కొలబద్ద. కాబట్టి అదే హోదాకు ఇతర కంపెనీలు ఇచ్చిన ప్రకటనలు రెండు మూడు జత చేస్తే బలం.

"ఎప్పుడూ", "అసలు" అన్న మాటలు ఫారాల్లో వాడకండి. "అసలు నడవలేను" అని రాసి పార్కింగ్ లాటులో నడుస్తూ వీడియోలో పడితే మిగతా అంతా అబద్ధమనిపిస్తుంది. బీమా కంపెనీలు నిఘా పెట్టిస్తాయి, సోషల్ మీడియా చూస్తాయి. "మంచి రోజున 15 నిమిషాలు నడవగలను, అలాంటి రోజులు వారానికి రెండు" అన్నది నిజం కూడా, నిలబడేది కూడా.

ఇక అన్నింటికన్నా ఎక్కువగా క్లెయిమ్‌ని తినేసేది ఒకటుంది. గంటలు తగ్గాయి, పని తగ్గలేదు. మనసొప్పక రాత్రి 11కి లాగిన్ అయి మిగిలింది పూర్తిచేస్తారు. ఈమెయిళ్లకు, కోడ్ కమిట్లకు సమయం ముద్ర ఉంటుంది. "25 గంటలే చేయగలను" అన్న మనిషి 38 గంటలు చేసినట్టు ఆ ముద్రలే సాక్ష్యం. గంటలు తగ్గించిన రోజే, పక్కన పెడుతున్న పనుల జాబితా మేనేజరుతో ఈమెయిల్‌లో ఖరారు చేసుకోండి.

పార్షియల్ క్లెయిమ్ నడుస్తుంటే ప్రతినెలా పే స్టబ్బులు పంపాలి. ఫోన్లో ఏం మాట్లాడినా అదేరోజు "మన సంభాషణ సారాంశం" అని రాసి పంపండి. ఎరిసా కింద నిర్ణయానికి గడువు 45 రోజులు, కారణం చెప్పి 30 రోజుల చొప్పున రెండుసార్లు పొడిగించుకోవచ్చు.

ఐదో అడుగు: ఎస్ఎస్‌డీఐ ఎప్పుడు

ఇక్కడ గీత ఆదాయం మీద. 2025లో నెలకు 1,620 డాలర్లు, అంధులకు 2,700. కోతలకు ముందున్న స్థూల ఆదాయం అంతకు పైనుంటే జబ్బు ఎంత తీవ్రమైనా దరఖాస్తు మొదటి మెట్టులోనే ఆగిపోతుంది. సగం గంటలు చేసే ఇంజనీరు ఈ గీతకు చాలా పైనుంటాడు, కాబట్టి అతనికి దారి ఎల్‌టీడీయే. గీత దిగువకు పడ్డాక, ఆ స్థితి 12 నెలలు ఉంటుందని అంచనా ఉంటే వెంటనే దరఖాస్తు చేయాలి. చాలా ఎల్‌టీడీ పాలసీలు చేయమని బలవంతపెడతాయి కూడా. ఈ అంకెలు ఏటా జనవరిలో మారతాయి.

డిజబిలిటీ మొదలైన తేదీగా జబ్బు నిర్ధారణ అయిన రోజును రాయడం మామూలు తప్పు. గంటలు తగ్గుతూ ఆదాయం గీత దిగువకు వచ్చిన రోజు రాయాలి. మానేశాక వచ్చిన సెలవు జీతాలు పని చేసిన ఆదాయం కాదని విడిగా చెప్పాలి, లేకపోతే వేతన రికార్డు చూసి ఇంకా పని చేస్తున్నారనుకుంటారు. తిరిగి ప్రయత్నించి జబ్బు వల్ల 6 నెలల్లోపు ఆపేస్తే అది "విఫలమైన పని ప్రయత్నం", లెక్కలోంచి తీసేయవచ్చు. ఆ నెలల పే స్టబ్బులూ ఆపిన కారణమూ దాచుకోండి.

ఆ తేదీ నుంచి ఐదు పూర్తి క్యాలెండర్ నెలలకు డబ్బు రాదు. దరఖాస్తుకు ముందు గరిష్ఠంగా 12 నెలల బకాయి వస్తుంది.

ఎస్ఎస్‌డీఐ అర్హతకు సోషల్ సెక్యూరిటీ కోత పడిన ఆదాయాన్ని బట్టి లెక్కేసే క్రెడిట్ల సంగతి మనవాళ్లు విడిగా చూసుకోవాలి. 31 దాటినవాళ్లకు సాధారణంగా చివరి పదేళ్లలో 20 క్రెడిట్లు, అంటే ఐదేళ్ల పని ఉండాలి. మొత్తం ఎన్ని కావాలో వయసును బట్టి పెరుగుతూ 40 దాకా వెళ్తుంది. 2025లో 1,810 డాలర్లకు ఒక క్రెడిట్, ఏడాదికి నాలుగు. హెచ్-1బీ జీతంలో సోషల్ సెక్యూరిటీ కోత ఉంటుంది కాబట్టి క్రెడిట్లు పడతాయి. ఓపీటీ కాలంలో, అంటే విద్యార్థి వీసా మీద పని చేసినప్పుడు, ఆ కోత సాధారణంగా ఉండదు, ఆ సంవత్సరాలు లెక్కకు రావు. భారత్‌తో టోటలైజేషన్ ఒప్పందం లేకపోవడంతో ఇండియాలో కట్టిన పీఎఫ్ సంవత్సరాలు కలవవు. పని మానేసి ఐదేళ్లు దాటితే అర్హతే పోతుంది, ఆ గడువును "డేట్ లాస్ట్ ఇన్‌ష్యూర్డ్" అంటారు. దరఖాస్తు వాయిదా వేసేముందు సోషల్ సెక్యూరిటీ ఆన్‌లైన్ ఖాతాలో ఆదాయ చరిత్ర చూసుకోండి.

ఫంక్షన్ రిపోర్టు, ఫారం ఎస్‌ఎస్‌ఏ-3373, అసలైన పరీక్ష. "వంట చేస్తారా?" అన్నదానికి "చేస్తాను" అంటే అయిపోయింది. "వారానికి రెండుసార్లు, కూర్చుని, 20 నిమిషాలు. ఆ తర్వాత గంట పడుకుంటాను. మిగతా రోజులు ఇంట్లోవాళ్లు చేస్తారు" అని రాయాలి.

మంజూరయ్యాక కూడా కొంత పని చేయవచ్చు. 2025లో నెలకు 1,160 డాలర్లు దాటితే అది ట్రయల్ వర్క్ నెలగా లెక్కేస్తారు. 60 నెలల పరిధిలో అలాంటివి తొమ్మిది వాడుకోవచ్చు, ఆ తొమ్మిదిట్లో ఎంత సంపాదించినా బెనిఫిట్ ఆగదు. ఆ తర్వాత 36 నెలలు, ఆదాయం గీత దిగువనున్న నెలల్లో డబ్బు వస్తుంది. పని చేయడానికే అవసరమైన మందులు, పరికరాలకు సొంత డబ్బు పెడితే అది ఆదాయంలోంచి తగ్గించి లెక్కేయమని అడగండి. రసీదులు ఉండాలి.

ఎస్ఎస్‌డీఐ బకాయి ఒక్కసారిగా వచ్చినప్పుడు ఖర్చు పెట్టకండి. ఆ నెలలకు ఎల్‌టీడీ పూర్తిగా ఇచ్చిన బీమా కంపెనీ, అందులో చాలా భాగం వెనక్కి అడుగుతుంది. పాలసీలో "ఆఫ్‌సెట్" అని ఉండేది ఇదే.

తిరస్కరిస్తే

ఎరిసా ప్లాన్‌లో అప్పీలుకు 180 రోజులు. లేఖ అందగానే "నేను అప్పీలు చేస్తున్నాను" అని ఒక పేజీ పంపేయడం పెద్ద పొరపాటు. తర్వాత కోర్టుకు వెళ్తే జడ్జి సాధారణంగా అప్పటివరకు ఫైల్లో ఉన్న కాగితాలే చూస్తారు, కొత్తవి రానివ్వరు. అంటే అప్పీలే మీ విచారణ. ముందు క్లెయిమ్ ఫైలు మొత్తం రాతపూర్వకంగా అడగండి, ఉచితంగా ఇవ్వాలి. అందులో వాళ్ల డాక్టరు మిమ్మల్ని చూడకుండా రాసిన రివ్యూ ఉంటుంది. దాన్ని మీ డాక్టరుకిచ్చి, వాక్యం వాక్యానికీ జవాబు రాయించండి. లాయర్ అవసరమనుకుంటే పెట్టుకోవాల్సింది ఇప్పుడే, అప్పీలు పంపేశాక కాదు.

సోషల్ సెక్యూరిటీలో గడువు 60 రోజులు, తపాలాకు 5 రోజులు కలుపుతారు. మొదట రీకన్సిడరేషన్, అంటే అదే సంస్థ ఫైలును మళ్లీ చూడటం, తర్వాత జడ్జి ముందు హియరింగ్. గడువు వదిలేసి కొత్త దరఖాస్తు వేస్తే పాత తేదీ నుంచి రావాల్సిన బకాయి పోతుంది. లాయర్ ఫీజు మామూలు ఒప్పందంలో గెలిస్తేనే: బకాయిలో 25 శాతం లేదా ఒక గరిష్ఠ మొత్తం (2025లో 9,200 డాలర్లు), ఏది తక్కువైతే అది.

గెలిచి డబ్బు వస్తున్నవాళ్లు 24వ నెలను క్యాలెండర్లో గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఓన్ ఆక్యుపేషన్ ముగిసి నిర్వచనం మారుతుంది, ఫైలు మళ్లీ మొదటి నుంచి తిరగేస్తారు. 18వ నెలలోనే కొత్త ఫంక్షనల్ పరీక్ష, డాక్టరు నుంచి తాజా అంకెలతో లేఖ తెప్పించుకోండి. ఆ లేఖలో "తన వృత్తి చేయలేరు" అన్న పాత వాక్యం సరిపోదు, "రోజుకు 4 గంటలకు మించి ఏ పనీ నిలకడగా చేయలేరు, నెలకు 4 రోజులు గైర్హాజరవుతారు" అని ఉండాలి.